పెంటకుప్పకు ఒక శాస్త్రము: హోవర్డు, వాడ్‌ల గ్రంథ విమర్శ

ఎరువులను గురించి వ్రాయబడిన గ్రంథములు అనేకము కలవు. ప్రయోగశాలలో గాక గొడ్లపాకలో ఆరంభమగు గ్రంథములు మాత్రము అరుదు. 1931లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించిన "వ్యవసాయ వ్యర్థ పదార్థములు" అను ఆంగ్ల గ్రంథము అట్టి అరుదైన వానిలో ఒకటి. దీనిని వ్రాసినవారు ఇద్దరు: ఆంగ్లేయ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్టు హోవర్డు, ఆయన క్రింద రసాయనశాఖలో పనిచేసిన యశ్వంత్ వాడ్. చెత్తను ఎరువుగా మార్చు "ఇండోరు పద్ధతి" లోకమునకు తెలిసినది ఈ గ్రంథము వలననే.

నేడు పురపాలక సంఘములు, గ్రామ పంచాయతీలు, పాఠశాలలు సైతము కంపోస్టు చేయుటకు పూనుకొనుచున్నవి. ఈ ప్రయత్నములలో చాలవాటికి మూలము ఇండోరు పద్ధతియే. అయినను గుంటను త్రవ్వినవారు ఎక్కువ, గ్రంథమును చదివినవారు తక్కువ. అందువలననే అనేక గుంటలు ఎరువునకు బదులు ఈగలను, దుర్వాసనను ఇచ్చుచున్నవి. ఊరివారు ముక్కు మూసికొని, కంపోస్టు అనునది పనికిరాని పని అని తీర్మానించుకొనుచున్నారు. తప్పు పద్ధతిలో ఎంత ఉన్నది, దానిని సగము మాత్రమే అనుసరించుటలో ఎంత ఉన్నది అని విచారించుటకు ఈ గ్రంథమును మరల తెరచి చూడవలసియున్నది.

హోవర్డు 1905లో మన దేశమునకు వచ్చి, బీహారులోని పూసా పరిశోధనాలయములో చాలకాలము పనిచేసినాడు. 1924లో ఇండోరులో సస్యపరిశోధన సంస్థ ఏర్పడగా దానికి అధిపతి అయినాడు. అక్కడ ముఖ్యమైన పైరు ప్రత్తి. మంచి వంగడములను తయారుచేసి ఇచ్చినను, నేలలో సారము లేనిచో అవి పండవని ఆయనకు త్వరలోనే బోధపడినది. సారమెక్కడిది? పేడలో పెద్దభాగము పిడకలై పొయ్యిలోనికి పోవుచున్నది. పశువుల మూత్రము పాకలోనే ఇంకిపోవుచున్నది. ప్రత్తికట్టె, కందికట్టె, ఆకులు, కలుపు గట్ల మీద ఎండి కాలిపోవుచున్నవి. ఊరిలో ఎరువునకు కావలసిన సరుకు అంతయు ఉన్నది. ఒకచోట చేరుట లేదు, అంతే.

ఈ ఆలోచన పూర్తిగా తమదే అని గ్రంథకర్తలు చెప్పుకొనలేదు. చైనా, కొరియా, జపాను రైతుల పద్ధతులను వర్ణించుచు అమెరికను శాస్త్రజ్ఞుడు కింగ్ వ్రాసిన గ్రంథము 1911లో వెలువడినది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయములో హచిన్‌సన్, రిచర్డ్స్ అనువారు గడ్డికి నత్రజని లవణములు చేర్చి కృత్రిమముగా పశువుల ఎరువును తయారుచేయు విధానమును 1921లో ప్రకటించినారు. బెంగుళూరులో ఫౌలరు చేసిన కృషియు ఉన్నది. వీరందరి ఋణమును ఒప్పుకొని, కొనుక్కొనవలసిన లవణముల స్థానమున రైతు వద్దనే ఉన్న పేడను, మూత్రమును నిలుపుట హోవర్డు, వాడ్‌ల పని. చూచుటకు చిన్న మార్పు. కాని డబ్బు లేని రైతునకు ఈ శాస్త్రము అందుటకు అదియే దారి.

గ్రంథములో అందరు తిరగవేయు పుటలు గుంట కొలతలవి: 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, రెండు మూడు అడుగులకు మించని లోతు. పాఠ్యపుస్తకములలోనికి ఎక్కినవియు ఇవియే. నిజమునకు గ్రంథమునకు ప్రాణము అంతకు ముందున్న భాగము, అనగా సరుకును కూర్చుకొను భాగము. గట్టి కట్టెలను బండ్లు నడచు బాటపై పరచి చక్రముల క్రింద నలుగనియ్యవలెను. పచ్చి కలుపును వెంటనే వేయక వాడనియ్యవలెను. గడ్డి, ఆకులు, నలిగిన కట్టె కలిపి పశువుల క్రింద పక్కగా పరచవలెను. పాకలోని నేల మట్టిదై యుండవలెను. మూత్రము పీల్చుకొన్న ఆ మట్టిని కొన్ని నెలలకొకసారి త్రవ్వి తీసి, క్రొత్తమట్టి వేయవలెను. ఆ పాతమట్టి, పొయ్యిలోని బూడిద, కొంత పేడ, నీరు: ఇవి చేరిన తరువాతనే గుంట ప్రసక్తి. పేడ అంతయు అక్కరలేదు, కొంత చాలును. కనుక పిడకలను మానుమని ఇల్లాలిని గద్దించవలసిన అగత్యము లేదు. ఇట్లు పల్లె వంటింటి కష్టమును లెక్కలోనికి తీసికొన్న శాస్త్రగ్రంథము ఆనాడు మరియొకటి కనుపించుట కష్టము.

ఈ కూర్పునకు శాస్త్రకారణము ఉన్నది. చెత్తను జీర్ణించుకొను సూక్ష్మజీవులకు కర్బనము ఆహారము, నత్రజని శరీరనిర్మాణ ద్రవ్యము. సుమారు 30 పాళ్ళు కర్బనమునకు ఒక పాలు నత్రజని ఉన్నచో అవి చురుకుగా పెరుగును. వరిగడ్డిలో ఈ నిష్పత్తి దాదాపు 80కి ఒకటి, పేడలో 20కి ఒకటి. ఒట్టి గడ్డి నెలల తరబడి అట్లే పడియుండుట, ఒట్టి పేడ కంపుకొట్టుట ఈ కారణము చేతనే. రెండును తగుపాళ్ళలో కలిసి, పిండిన గుడ్డవలె తడిగా ఉండి, గాలి ఆడినచో కుప్ప కొద్దిరోజులలోనే 65 డిగ్రీల వరకు వేడెక్కును. ఆ వేడికి కలుపువిత్తులు, ఈగ పురుగులు, రోగక్రిములలో పెక్కు చచ్చును. కుప్పను మూడుసార్లు తిరుగవేయవలెను: రెండు వారములకు ఒకసారి, నెలకు ఒకసారి, రెండు నెలలకు ఒకసారి. మూడు నెలలకు ఎరువు సిద్ధమగును. అప్పటికి నిష్పత్తి సుమారు పదికి ఒకటిగా దిగును.

తెలుగులో ఈ భేదమునకు రెండు మాటలు ఉండనే ఉన్నవి. గాలి లేక చెడిపోవునది కుళ్ళును, గాలితో పక్వమగునది మాగును. రైతు "మాగిన ఎరువు" అనునే గాని కుళ్ళిన ఎరువు అనడు. "చెత్త కుళ్ళి ఎరువగును" అని తరగతిలో చెప్పు వాక్యము ఈ తేడాను చెరిపివేయుచున్నది. గుంటను నింపి, మట్టి కప్పి మరచిపోయినవారు ఆ వాక్యమును అక్షరాల నమ్మినవారే.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక గ్రంథమును నిలదీయవలసిన చోట్లు ఉన్నవి.

మొదటిది నత్రజని లెక్క. తమ పద్ధతిలో నత్రజని నష్టము కాదనియు, అనుకూల పరిస్థితులలో గాలి నుండి కొంత చేరుననియు గ్రంథకర్తలు వాదించిరి. తరువాతి పరిశోధనలు దీనిని బలపరచలేదు. వేడెక్కిన కుప్పను తిరుగవేసినప్పుడు కొంత నత్రజని అమ్మోనియా వాయువై పోవుట సామాన్యము. కుప్ప దగ్గర ముక్కును గుచ్చు ఘాటువాసనయే అందుకు సాక్షి. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో సి. ఎన్. ఆచార్య ఈ నష్టమును గుర్తించి, చెత్తను పొరలుపొరలుగా పేర్చి, పైన మట్టితో మెత్తి, తిరుగవేయకయే మాగబెట్టు పద్ధతిని రూపొందించినాడు. అదియే "బెంగుళూరు పద్ధతి". దానికి కాలము ఎక్కువ పట్టును, వేడి తక్కువ. కాని శ్రమయు నష్టమును తగ్గును. రెండింటిలో ఏది మేలు అను ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. నీరు, కూలి, వ్యవధి ఉన్నదానిని బట్టి ఎన్నుకొనవలసినదే. ఇండోరులో వచ్చిన ఫలితమును సార్వత్రిక నియమముగా చూపుట గ్రంథములోని తొందరపాటు. ఆ తొందరపాటు హోవర్డు 1940లో ఒంటరిగా వ్రాసిన మరియొక గ్రంథములో ఇంకను పెరిగినది. మాగిన ఎరువు వేసిన పైరుకు, ఆ పైరును తిన్న పశువునకు, మనుష్యునకు గూడ రోగము సోకదన్నంత దూరము ఆయన పోయినాడు. ఎరువు నేలకు చేయు మేలు ఋజువైన విషయము. రోగనిరోధమును గురించిన ఆ విస్తృత వాదమునకు అట్టి ఋజువు లేదు. విద్యార్థులకు ఈ రెండింటిని కలిపి చెప్పరాదు.

రెండవ లోపము ఇంతకంటె గట్టిది. తడుపుట, తిరుగవేయుట, మోయుట ఈ పద్ధతిలో పెద్ద పనులు. గ్రంథములో వానికి కూలిలెక్క ఉన్నది, కూలివాడు లేడు. ఇండోరు సంస్థకు పశువులు, పనివారు, పర్యవేక్షకులు ఉండిరి. రెండెకరముల రైతునకు అవి లేవు. పట్టణపు చెత్తకు ఈ పద్ధతిని అన్వయించినప్పుడు చిక్కు మరింత ముదిరినది. జాక్సన్ అను అధికారితో కలిసి వాడ్ 1934లో ప్రకటించిన రచన నివాసస్థలముల చెత్తను, మలమును కలిపి ఎరువు చేయు విధానమును వివరించినది. ఆరోగ్యదృష్టితో అది మంచి రచనయే. అయితే ఆ మలమును ఎత్తినవారెవరు? మన సంఘము ఏ కులములపై ఆ పనిని రుద్దినదో అందరు ఎరిగినదే. ఆ పనిని నిషేధించుచు 1993లో ఒకటి, 2013లో మరింత కఠినమైనది మరియొకటి, రెండు శాసనములు చేయవలసివచ్చినది. వ్యర్థమనునది ఏదియు లేదని చెప్పు శాస్త్రము, దానిని చేతులతో తాకినవారిని లెక్కించకుండుట చిన్న విస్మృతి కాదు. తెలుగులో "పెంట" అను ఒకే మాటకు ఎరువు అనియు, అసహ్యమైనది అనియు రెండర్థములు కలవు. పొలమునకు తోలునప్పుడు మొదటి అర్థము, ఎత్తువానిని చూచునప్పుడు రెండవ అర్థము వాడుట లోకరీతి.

అట్టిదే మరియొక విస్మృతి. ఇండోరు పద్ధతి అనగానే హోవర్డు పేరు వినబడును. ముఖపత్రము మీద రెండవ పేరుగా ఉన్న వాడ్‌ను తలచువారు అరుదు. గ్రంథము చేసిన న్యాయమును పాఠకలోకము చేయలేదు.

మూడవది గ్రంథదోషము కాదు, కాలభేదము. 1931 నాటి పల్లెలో మాగనిది దాదాపు లేదు. చినిగిన చీర బొంతయ్యెను, చిల్లుపడిన బిందె కంచరివాని వద్దకు పోయెను, కాగితము అంగడిలో పొట్లమయ్యెను. కనుక పొడిచెత్తను గురించి గ్రంథము మౌనముగా ఉన్నది. నేటి పెంటకుప్పలో ప్లాస్టిక్కు సంచులు, బ్యాటరీలు, గాజుపెంకులు, మందుల రేకులు ఉన్నవి. వానితో కలిపి మాగవేసిన ఎరువు ద్వారా సీసము, కాడ్మియము వంటి లోహములు పొలములోనికి చేరును. పట్టణ కంపోస్టు కిలోలో సీసము 100 మిల్లిగ్రాములకు, కాడ్మియము 5 మిల్లిగ్రాములకు మించరాదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు హద్దు పెట్టినది ఇందుకే. చెత్త ఒకసారి కలిసిన తరువాత జల్లెడపట్టి ఈ లోహములను తీయుట సాధ్యము కాదు. కలియకమునుపే ఇంటిలో వేరుచేయవలెను. 2016 నాటి ఘనవ్యర్థ నియమములు తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటిలోని ప్రమాదకర వస్తువులను వేర్వేరుగా ఉంచుమని ఇంటివారినే ఆదేశించినవి. అంతకు ముందే సూర్యాపేట పురపాలక సంఘము ఇంటింట తడి, పొడి చెత్తలను విడిగా సేకరించి, తడిచెత్తను ఎరువుగా మార్చి, పొడిచెత్తను అమ్మి పేరు పొందినది. పాకలోనే సరుకును కూర్చుకొనుమన్న హోవర్డు, వాడ్‌ల సూత్రము పట్టణములో వంటింటికి మారినది. ఆ ఒక్క సూత్రమును విడిచి గుంటను మాత్రము అనుకరించిన ఊళ్ళలో ఎరువు పేరిట మిగిలినది గాజుపెంకుల మట్టి.

ఈ గ్రంథమును తరగతిలో ఉపయోగించదలచిన ఉపాధ్యాయులు కొలతల పుటతో గాక ఒక పరీక్షతో ఆరంభించవచ్చును. చాల పాఠశాలలలో మధ్యాహ్న భోజనపు కూరగాయల తొక్కలు ఒక మూల కుళ్ళుచుండును. కానుగ, వేప ఆకులు మరియొక మూల కాలుచుండును. ఒకటి తడి, నత్రజని గలది. రెండవది పొడి, కర్బనము గలది. ఒక కుప్పలో తొక్కలు మాత్రము, రెండవ కుప్పలో తొక్కలకు రెండింతలు మూడింతలు ఆకులు, కొంచెము పేడనీరు వేసి పోల్చి చూడవచ్చును. కుప్ప మూడడుగుల ఎత్తు, అంతే వెడల్పు లేనిచో వేడి నిలువదు. ముందుగా కర్రతో రంధ్రము చేసి, దారము కట్టిన ఉష్ణమాపకమును దింపి ప్రతిదినము అంకెను గోడపై వ్రాయవలెను. ఉష్ణమాపకమును నేరుగా గుచ్చినచో విరుగును. కుప్పను తిరుగవేయు పని ఒకే పిల్లవాని మీద పడకుండ వరుసలు వేసికొనవలెను. చేతులకు తొడుగులు ఉండవలెను. పదునైదవ దినము దసరా సెలవులలో పడకుండ చూచుకొని ఆరంభించుట మంచిది.