కరక్కాయ పట్టిన గుడ్డ

శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీత పడే క్షణాన్ని దగ్గరుండి చూడాలి. కసిమి కుండలోని నీళ్లు పల్చటి గోధుమరంగులో ఉంటాయి. వెదురు కలాన్ని అందులో ముంచి, దానికి చుట్టిన పీలికను వేళ్లతో మెల్లగా నొక్కుతూ గుడ్డ మీద గీస్తే, పడిన గీత చూస్తుండగానే నల్లబడుతుంది. ఆ నలుపు కుండలో లేదు, గుడ్డలోనూ లేదు. రెండూ కలిసిన చోట పుట్టింది.

ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి వారాల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. పులుపుకి ఇనుము కరిగి నీళ్లలోకి దిగుతుంది. గుడ్డను ముందే గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్లు పట్టించి ఎండబెడతారు. కరక్కాయ పెచ్చులో టానిన్లు దండిగా ఉంటాయి. నాలుకకు తగిలే వగరు వాటిదే. టానిన్ ఇనుమును పట్టుకుంటే నలుపు. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు రంగును పక్కకు పాకనివ్వవు. పాలు తగ్గితే గీత అంచు చెదురుతుంది.

ఎరుపు దగ్గర ఇంకా నేర్పు కావాలి. ఎరుపు రావలసిన చోట మొదట పూసేది పటిక నీళ్లు. అవి ఆరాక పారే నీటిలో జాడించి, చిరివేరు అనే మొక్క వేళ్లు వేసి కాచే నీళ్లలో గుడ్డ మొత్తాన్ని ముంచుతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. మిగతా చోట అంటిన లేత ఛాయ ఉతుకులకీ ఎండకీ పోతుంది. వేరు బెరడులోని ఎర్రరంగు పదార్థమైన అలిజరిన్‌ను నూలుకు కట్టిపడేసేది పటికలోని అల్యూమినియం. నీటిలో కాస్త సున్నం అంశ ఉంటే రంగు మరింత చిక్కబడుతుంది. అద్దకంవాళ్లు నీళ్ల విషయంలో అంత పట్టుదలగా ఉండేది అందుకే. మొక్కలో ఏముందో పుస్తకం చెప్పకముందే, ఏది దేన్ని పట్టుకుంటుందో వీళ్ల చేతులకు తెలుసు. నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

17వ శతాబ్దంలో మచిలీపట్నం, నిజాంపట్నం రేవులకు వచ్చిన డచ్చి, ఇంగ్లీషు వర్తకులకు ఈ తీరపు చిరివేరు ఎరుపంటే మోజు. 1868లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ్, లీబర్మన్ అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. దాంతో వేరు పంటకు గిరాకీ పడిపోయింది. కాళహస్తిలో అద్దకమే ఆగిపోయే దశలో, 1950లలో చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో అక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. చేతిపని బతికింది.

వేరు మాత్రం అంతగా కోలుకోలేదు. ఇప్పుడు చాలాచోట్ల మంజిష్ఠో, అలిజరిన్ పొడో వాడుతున్నారు. పొడి వాడే కళాకారుణ్ణి తప్పుపట్టలేం, పొయ్యి మీద కాగు రోజూ ఎక్కాలి కదా. చిరివేరుకు రంగు పట్టాలంటే నెలల తరబడి ఇసుక నేలలోనే ఉండాలి, తవ్వితే మొక్క మిగలదు. అంతకాలం నేలను దానికే వదిలే రైతుకు, కొంటామని ముందే మాట ఇచ్చేవాళ్లు కావాలి. కలంకారీ చీరకు మంచి ధర పెట్టగలిగినవాళ్లు కొనేటప్పుడు ఎరుపు దేనితో వేశారని అడిగితే, ఆ మాట చెవిన పడాల్సిన చోటుకు చేరుతుంది.