సమానం పక్కన అనంతం

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ నలభై దాటి ఉంటాయి. వాళ్ళ నాన్నగారు నా స్నేహితుడు, మంచి కథకుడు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. వేసుకున్న కథల పుస్తకం ఒక్కటే. 2003లో వెయ్యి కాపీలు వేశారు, ఇప్పుడు ఎక్కడా దొరకదు. దాన్ని మళ్ళీ అచ్చు వేయించాలని ఆ అమ్మాయి పట్టుదల. సంచిలోంచి ఒక సీడీ, ఒక మ్యాక్‌బుక్, సీడీ చదివే చిన్న డబ్బా తీసి టీపాయ్ మీద పెట్టింది.

"పుస్తకం మొత్తం ఇందులోనే ఉంది బాబాయ్, తెరుచుకోవట్లేదు. మీకైతే తెలుస్తుందని అమ్మ పంపింది."

సీడీ మీద స్కెచ్ పెన్నుతో 'కథలు ఫైనల్' అని ఉంది. దాని కింద వేరే రంగులో 'ఇది కాదు, ఫైనల్ 2'. ఫైనల్ 2 అనే సీడీ వాళ్ళింట్లో లేదు. నాకు నవ్వొచ్చింది. ఒక చిన్న పత్రికలో పదకొండేళ్ళు పేజీలు పెట్టినవాణ్ణి. నా బీరువాలో కూడా ఇలాంటి ఫైనళ్ళు ఓ నలభై ఉంటాయి.

లోపల కథకో ఫైలు. పేరు చివర పి, ఆరు, అయిదు. అంటే పేజ్‌మేకర్ 6.5. విజయవాడలో ఏ డీటీపీ సెంటర్లో అడుగుపెట్టినా ఆ రోజుల్లో తెర మీద కనిపించేది అదే. శుభలేఖ, కరపత్రం, గైడు, కవితా సంపుటి అన్నీ అందులోనే తయారయ్యేవి.

తమాషా ఏమిటంటే పేజ్‌మేకర్ పుట్టిందే మ్యాకింటోష్ కోసం. ఆల్డస్ అనే కంపెనీ 1985లో తెచ్చింది. వెనిస్‌లో అయిదొందల ఏళ్ళ కిందటి అచ్చు పనివాడు ఆల్డస్ మనూషియస్ పేరే ఆ కంపెనీకి పెట్టుకున్నారు. విండోస్‌కి వచ్చింది తర్వాత రెండేళ్ళకి. 1994లో ఆల్డస్‌ని అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరు. మ్యాక్ సరికొత్త రూపం ఎత్తాక దానికి తగ్గ పేజ్‌మేకర్ ఎవరూ తయారు చెయ్యలేదు. కొన్నాళ్ళు పాత ప్రోగ్రాములకి వసారాలో చోటిచ్చినట్టు ఒక ఏర్పాటుండేది, 2007 తర్వాత అదీ లేదు. తర్వాత తరం ఇన్‌డిజైన్ ఈ ఫైళ్ళని 2012 నాటి సీఎస్6 దాకా తీసుకుంది. ఆ తర్వాతి వాటిలో ఆ వసతి తీసేశారు. మొత్తానికి పుట్టింటికి వెళ్ళిన పిల్లని గుమ్మంలోనే "ఎవరు కావాలమ్మా?" అని అడిగినట్టయింది.

మ్యాక్‌లో లిబ్రేఆఫీస్ వేయించి ఒక ఫైలు తెరిచాను. తెరుచుకుంది! ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది, నేను కొట్టలేదు. ఇది తెరుచుకోవడం వెనక పెద్ద కథే ఉంది. ఈ ఫైలు లోపలి అమరిక ఏమిటో చెప్పే పుస్తకం ఏదీ చేతిలో లేకుండా, కొందరు కుర్రాళ్ళు ఒక్కో అంకె మార్చి చూసుకుంటూ దాని గుట్టు విప్పారు. 2015 జనవరిలో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 నుంచి అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. వాళ్ళకి ఎదురైన చిక్కుల్లో ఒకటి చెప్పి తీరాలి. పాత మ్యాక్‌లు పెద్ద అంకెని రాసేటప్పుడు పెద్ద కొస ముందు రాస్తాయి, ఇంటెల్ యంత్రాలు చిన్న కొస ముందు రాస్తాయి. ఒకే పేజ్‌మేకర్, ఒకే వెర్షన్, అయినా మ్యాక్‌లో చేసిన ఫైలు, విండోస్‌లో చేసిన ఫైలు లోపల తిరగేసి ఉంటాయి. డానీ కోహెన్ అనే ఆయన 1980లో ఈ తగువుకి గలివర్ యాత్రల్లోంచి పేరు అరువు తెచ్చాడు. లిల్లీపుట్‌లో గుడ్డుని పెద్ద వైపు పగలగొట్టాలా, చిన్న వైపా అని యుద్ధాలు జరుగుతాయి కదా, ఆ రెండు పక్షాల పేర్లే ఇప్పటికీ కంప్యూటర్ పాఠాల్లో ఉన్నాయి.

గుడ్డు పగిలింది గానీ లోపల సొన తెలుగు కాదు. పేజీ అంచులు, పేజీ నంబర్లు, కథ పేరు కింద గీత, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అక్షరాలు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన కొమ్ములున్న ఫ్రెంచి అక్షరాలు, కామాలు, లెక్కల గుర్తులు.

"ఫైలు పాడైపోయిందా బాబాయ్?"

పాడవలేదు. అది అలాగే ఉంటుంది, మనకే ఎప్పుడూ కనపడలేదు. అను, శ్రీలిపి లాంటి తెలుగు ఫాంట్లన్నీ అప్పట్లో చేసింది ఒకటే. కంప్యూటర్‌కి తెలిసిన ఇంగ్లీషు గుర్తుల గదులు రెండొందల చిల్లర ఉంటాయి. వాటిలో ఇంగ్లీషు బొమ్మలు తీసేసి తెలుగు ముక్కలు పెట్టారు. మన గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా పెట్టాలంటే ఆ గదులు చాలవు. అందుకని చేతి కంపోజింగ్ చేసినవాళ్ళు కేసులోంచి ముక్కలు ఏరి పేర్చినట్టే ఇక్కడా పేర్చారు. 'వ' ఒక ముక్క, దాని చివర తగిలించే తోక ఇంకో ముక్క. రెండూ కలిస్తే 'మ'. పొదుపైన ఆలోచన. ఎవరు చేశారో గానీ చేతులెత్తి దండం పెట్టాలి. కానీ ఎవరి పొదుపు వారిది, ఒకరి గదుల లెక్క ఇంకొకరికి పొసగదు.

నా దగ్గరున్న పాత ఫాంటు తెచ్చి మ్యాక్‌లో వేశాను. ఈసారి తెలుగొచ్చింది, వచ్చి భయపెట్టింది. సగం అక్షరాలు సవ్యంగా ఉన్నాయి, సగం అక్షరాలకి ఎవరివో వత్తులు తగులుకున్నాయి. ముఖ్యంగా 'మ' ఉన్న ప్రతి చోటా తోక ఊడిపోయింది. కాగితం మీద లెక్క వేసుకుంటే గానీ నాకూ అంతు చిక్కలేదు. ఆ తోక ఉన్నది 176వ గదిలో. విండోస్ లెక్కలో ఆ గది డిగ్రీ గుర్తుది. పాత మ్యాక్ లెక్కలో అదే గది అనంతం గుర్తుది, డిగ్రీ గుర్తు 161లో ఉంటుంది. విండోస్ ఫైలు "డిగ్రీ" అని చెప్పింది, మ్యాక్ విని 161వ గది తలుపు కొట్టింది. ఆ గదిలో ఉన్నది వేరే ముక్క. మొదటి 128 గదులూ ఇద్దరికీ ఒకటే కాబట్టి సగం తెలుగు బతికింది. పై సగంలోనే వాళ్ళకీ వీళ్ళకీ కుదరలేదు.

అటక మీంచి పాత డెస్క్‌టాప్ దించాం. ఫ్యాన్ చప్పుడుకి పక్కింటాయన కిటికీలోంచి తొంగి చూశాడు. ఎక్స్‌పీ లేచింది. ఫైలు మీద నొక్కితే అలవాటైన ఆ పెట్టె వచ్చింది, ఫలానా ఫాంటు లేదు, బదులుగా ఇది వాడనా అని. ఫాంటు వేసి మళ్ళీ తెరిస్తే నాన్నగారి కథ మొదటి పేజీ ఉన్నదున్నట్టు తెర మీదికొచ్చింది. ఆ అమ్మాయి కాసేపు మాట్లాడలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. ఆ అమ్మాయికి అచ్చు పుస్తకంతో పాటు ఫోన్లో చదువుకునేదీ కావాలి, వెతికితే దొరకాలి. అంటే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. మేం పట్టుకున్నది మ్యాక్ లెక్కతో రాసింది. దానికి 'మ' అంటే సమానం గుర్తు, పక్కన అనంతం గుర్తు. మా దగ్గరున్నది సమానం, పక్కన డిగ్రీ. ముందు డిగ్రీలన్నిటినీ అనంతాలు చేసి, అలాగే మిగతా గదులన్నీ సరిచేసి, అప్పుడు తినిపించాం. అయినా కొన్ని పంటి కింద రాళ్ళు మిగిలాయి. క్రారవడి ఎడమ వైపు నుంచి అక్షరాన్ని చుట్టుకుంటుంది కదా, అందుకని ఈ ఫాంటులో అది అక్షరానికి ముందే ఉంటుంది. యూనికోడ్‌లో వెనక రావాలి. ప్రోగ్రాం చాలాచోట్ల సరిగ్గానే మార్చింది, వరస చివర మాట విరిగిన చోట్ల మాత్రం ముందు మాటకి తగిలించింది.

అప్పటి ఆపరేటర్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఆయన పని ట్రేసింగ్ పేపర్ మీద పేజీ సవ్యంగా రావడం. ప్లేటు అయ్యాక ఫైలుతో ఎవరికీ పని లేదు, సీడీలో ఉంచడమే ఎక్కువ. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. 2001లో ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలీదు, ఆపరేటర్ వేళ్ళకి వేరే కీబోర్డు తెలీదు. విండోస్ ముందు కూర్చుని వాళ్ళలో చాలామంది కొట్టే కీబోర్డు వరస పేరు ఇప్పటికీ 'యాపిల్' అనే. తప్పంటూ ఉంటే మా లాంటి సంపాదకులది. పదకొండేళ్ళ సంచికల్లో ఒక్క వ్యాసమైనా మాటలుగా దాచలేదు. మేం దాచినవన్నీ పేజీల బొమ్మలు.

మూడు ఆదివారాలు కూర్చున్నాం. ఒకవైపు మారిన పాఠం, ఒకవైపు ఆ అమ్మాయి దగ్గరున్న ఏకైక అచ్చు కాపీ. ఒకరు పైకి చదవడం, ఒకరు చూసుకోవడం. ఇంత యంత్రాంగం తర్వాత కూడా ప్రూఫు దిద్దడానికి రెండు జతల కళ్ళే. ఆ కాపీలో నాన్నగారు పెన్సిల్‌తో దిద్దుకున్నవి ఓ పాతిక ఉన్నాయి, అవన్నీ ఎక్కించాం. పుస్తకం 144 పేజీలు, సరిగ్గా తొమ్మిది ఫారాలు. ఆఖరి కథ ఆఖరి పేజీలో వరసలు కాస్త ఇరుగ్గా ఉన్నాయి. అలాంటివి మేమూ చేసేవాళ్ళం. ఇంకో పేజీ పెరిగితే పదహారు పేజీల ఫారం మొత్తం పెరుగుతుంది, కాగితం డబ్బు కథకుడే పెట్టుకోవాలి.

ఆ ఆఖరి ఫైలు ఎక్స్‌పీలో తెరిచి పేజీని కాస్త చిన్నదిగా చేసి చూశాను. పేజ్‌మేకర్‌లో పేజీ చుట్టూ ఖాళీ బల్ల లాంటి జాగా ఉంటుంది. పనిలో పక్కకి జరిపినవి అక్కడ పెడతాం, తుడవకపోతే అవీ ఫైల్లోనే ఉండిపోతాయి. కుడి పక్కన ఎనిమిది వరసల పేరా ఒకటి ఉంది. కథలో తల్లి బస్టాండులో కొడుకు కోసం కూర్చున్న చోటు. అచ్చు పుస్తకంలో వెతికాం. లేదు.

"నాన్నే తీసేశారేమో బాబాయ్?"

పెన్సిల్ గుర్తులు చూశాం. ఆ పేజీలో ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఎనిమిది వరసలూ చదివి వినిపించింది. అవతల టీవీ కట్టేసిన చప్పుడు.

"ఫారం దాటుతోందన్నారే," అంది ఆవిడ. "ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని మళ్ళీ మళ్ళీ అదే చదువుకున్నారు. పొద్దున్నే వెళ్ళి తీసెయ్యమని చెప్పొచ్చారు."

ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి పేరాని కాపీ చేసుకుంది. కాసేపు తెర వైపే చూసి నా వైపు తిరిగింది.

"ఈసారి ఎన్ని ఫారాలు వస్తుంది బాబాయ్?"