బాధ ఒకరిది, భాష్యం ఇంకొకరిది

వార్తల్లో జాతి వివక్ష గురించి మాట్లాడినప్పుడు చర్చ ఎక్కువగా తలల లెక్క దగ్గరే ఆగిపోతుంది. తెర మీద తెల్లవాళ్లెంతమంది, నల్లవాళ్లెంతమంది, మనవాళ్లెంతమంది. ఆ లెక్క అవసరమే. కానీ మైకు దొరికినవాళ్లని ఏం అడిగారన్నది కూడా చూడాలి కదా. ఒకర్ని ఏడవమని, ఇంకొకర్ని వివరించమని అడిగితే ఇద్దరూ తెర మీద ఉన్నట్టే. కానీ ఇద్దరికీ దక్కిన మర్యాద ఒకటి కాదు.

1967 వేసవిలో న్యూవార్క్, డెట్రాయిట్ నగరాలు తగలబడ్డప్పుడు అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, ఇలినాయ్ గవర్నర్ ఆటో కెర్నర్ అధ్యక్షతన ఒక కమిషన్ వేశాడు. మూడు ప్రశ్నలకి జవాబు కావాలన్నాడు. ఏం జరిగింది? ఎందుకు జరిగింది? మళ్లీ జరగకుండా ఏం చెయ్యాలి? 1968లో వచ్చిన ఆ నివేదికలో ఒక అధ్యాయం మొత్తం పత్రికల గురించీ, టీవీ గురించీ. దేశంలో సంపాదకీయ ఉద్యోగాల్లో ఉన్న నల్లవాళ్లు అప్పటికి 5 శాతం కూడా లేరు. ఎడిటర్లయితే ఒక్క శాతం కన్నా తక్కువ, వాళ్లలోనూ ఎక్కువమంది నల్లవాళ్ల సొంత పత్రికల్లోనే. విలేకరులు సమాచారం కోసం ప్రధానంగా పోలీసుల మీదా, నగర అధికారుల మీదా ఆధారపడ్డారనీ, టీవీ పోలీసు చర్యల్ని చూపిస్తూ దాని వెనకున్న జనం గోడుని మరుగున పడేసిందనీ కమిషన్ తేల్చింది.

జాన్సన్ అడిగిన ఆ మూడు ప్రశ్నలు ఏ వార్తకైనా కొలబద్దగా పనికొస్తాయని నాకనిపిస్తుంది. కాలిన వీధిలో ఉండే మనిషిని "ఏం జరిగింది?" అని అడుగుతారు. "ఎందుకు?", "ఏం చెయ్యాలి?" అనే ప్రశ్నలు మాత్రం వీధి దాటి ఏ ఆఫీసుకో, యూనివర్సిటీకో, స్టూడియోకో వెళ్లిపోతాయి. అక్కడ కూర్చున్నవాళ్లు ఎవరో మనకి తెలుసు.

ఈ కొలబద్దతో మనకి బాగా తెలిసిన ఒక వార్తని చూద్దాం. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో ఒక బార్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని "నా దేశం నుంచి పో" అని అరుస్తూ ఒకడు కాల్చి చంపాడు. శ్రీనివాస్ స్నేహితుడు అలోక్ మాదసాని గాయపడ్డాడు. దుండగుడిని ఆపబోయిన ఇయన్ గ్రిల్లట్ అనే తెల్ల యువకుడికీ తూటా తగిలింది. ఆసుపత్రి మంచం మీంచి గ్రిల్లట్ మాట్లాడిన వీడియో ప్రపంచమంతా తిరిగింది. అతని ధైర్యానికి వంక పెట్టడానికి లేదు. కానీ అక్కణ్ణుంచి కథ మారింది. ఇద్దరు వలస ఇంజనీర్లని వాళ్ల రంగు చూసి కాల్చిన కథ, ఒక మంచి అమెరికన్ అడ్డుపడిన కథ అయింది. అందులో మనవాళ్ల చెయ్యీ ఉంది. హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. కృతజ్ఞత చెప్పుకోవడం మన సంస్కారం, కాదనను. కాకపోతే, భయం గురించి మాట్లాడ్డం కన్నా కృతజ్ఞత గురించి మాట్లాడ్డం అందరికీ తేలిక.

రెండు రోజుల తర్వాత శ్రీనివాస్ భార్య సునయన విలేకరుల ముందుకొచ్చింది. ఇలాంటి ద్వేషాన్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందని అడిగింది. అంటే జాన్సన్ మూడో ప్రశ్న వేసింది. తర్వాత ఫేస్‌బుక్‌లో, మేం ఈ దేశానికి చెందినవాళ్లమేనా అన్న ప్రశ్నని బాహాటంగా పెట్టింది. భర్త పోవడంతో ఆమెకి అక్కడ ఉండే హక్కే పోయింది. అంత్యక్రియల కోసం ఇండియా వచ్చిన మనిషి తిరిగి వెళ్లడానికి కాన్సాస్ కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ సాయపడాల్సొచ్చింది. వీసా అనేది ఒక మనిషి బతుకుని ఇంకొకరి ఉద్యోగానికి ఎలా కట్టేస్తుందో ఆమె కన్నా బాగా ఎవరు చెప్పగలరు? అయినా అప్పట్లో నేను చూసిన కవరేజీలో ఆమె ఎక్కువగా ఏడుస్తున్న భార్యగానే కనిపించింది. వలస విధానం గురించి, తుపాకుల గురించి మాట్లాడ్డానికి వేరేవాళ్లు వచ్చారు. ఇక్కడ మన చానెళ్లు హైదరాబాద్‌లో ఇంటిముందు మైకులు పట్టుకుని తల్లిదండ్రుల్ని "ఎలా ఫీలవుతున్నారు?" అనే అడిగాయి. అమెరికా తెల్ల మీడియాకీ, మనకీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర తేడా లేదు.

ఇది కావాలని చేస్తారా? చాలాసార్లు కాదు. 2020 జనవరిలో దావోస్‌లో ఉగాండా యువతి వనెస్సా నకాటే, గ్రెటా థున్‌బర్గ్‌తోనూ మరో ముగ్గురు యూరప్ అమ్మాయిలతోనూ కలిసి ప్రెస్ మీట్‌లో కూర్చుంది. అసోసియేటెడ్ ప్రెస్ విడుదల చేసిన ఫొటోలో మాత్రం నలుగురే మిగిలారు. అంచున నిలబడ్డ నకాటేని కత్తిరించేశారు. వెనక ఉన్న బిల్డింగ్ అడ్డంగా ఉందనీ, ఫ్రేమ్ బావుండాలనే అలా చేశామనీ సంజాయిషీ వచ్చింది. తర్వాత క్షమాపణ కూడా చెప్పారు. ఆ సంజాయిషీ నిజమే అయ్యుండొచ్చని నేను నమ్ముతాను. నన్ను కలవరపెట్టేది కూడా అదే. కత్తిరించిన మనిషికి దురుద్దేశం లేదు. గడువు దగ్గర పడింది, ఫ్రేమ్ బావుండాలి, అంచులో ఉన్నది ఎవరన్నది తట్టలేదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో దీన్ని డిఫాల్ట్ అంటాం. ఎవరూ ప్రత్యేకంగా ఎంచుకోనప్పుడు దానంతటది అమలయ్యే సెట్టింగ్. దాన్ని కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు పెట్టే ఉంటారు.

నకాటే ఆ తర్వాత చాలా ఇంటర్వ్యూలిచ్చింది. నేను చూసినవాటిలో మొదటి ప్రశ్న ఆ ఫొటో గురించే. ఉగాండాలో వరదల గురించి మాట్లాడ్డానికి వచ్చిన మనిషి తనకి జరిగిన అవమానం గురించి మాట్లాడాల్సొచ్చింది. ఇది తిరస్కారానికి రెండో రూపం. నల్లజాతి ఆర్థికవేత్తని జాతి గురించి చర్చకి పిలుస్తారు, వడ్డీ రేట్ల గురించి చర్చకి పిలవడం అరుదు.

"నిపుణుడు నిపుణుడే, అందులో రంగేంటి?" అని అడిగేవాళ్లుంటారు. మంచి ప్రశ్నే. కానీ సాయంత్రం ఆరింటికి స్టోరీ పంపాల్సిన విలేకరి, పోయినసారి ఫోనెత్తిన నిపుణుడికే మళ్లీ చేస్తాడు. ఒకసారి కోట్ అయినవాడు రెండోసారికి ఇంకాస్త పెద్ద నిపుణుడవుతాడు. జాబితా ఇలా తనని తానే పెంచుకుంటూ పోతుంది. అందులో మొదటి పేర్లు ఏ రోజుల్లో, ఎలాంటి న్యూస్‌రూమ్‌లో చేరాయో కెర్నర్ నివేదిక చెప్పనే చెప్పింది.

ఇంతవరకూ అమెరికాని తిట్టడం మనకి సుఖంగానే ఉంటుంది. 1996లో ఢిల్లీలో వాషింగ్టన్ పోస్ట్ విలేకరిగా ఉన్న కెనెత్ కూపర్ ఆఫ్రికన్ అమెరికన్. బోస్టన్‌లో జాతి సంబంధాల మీద రాసిన కథనాలకి 1984లో పులిట్జర్ పంచుకున్నవాడు. ఆయన ఇక్కడ మాట్లాడ్డానికి ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికాడు. దొరకలేదు. ఆ వెతుకులాట గురించి బి.ఎన్. ఉనియాల్ అదే ఏడాది నవంబరులో పయనీర్‌లో రాశాడు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న 686 మంది విలేకరుల్లో 454 మంది పేర్లకి కులం తోకలున్నాయి, వాళ్లలో దళితులు లేరు. మిగిలినవాళ్లలో 47 మంది గురించి ఆరా తీశాడు. అక్కడా ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్కేస్తే 121 ముఖ్యమైన న్యూస్‌రూమ్ పదవుల్లో 106 అగ్రకులాల చేతుల్లోనే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలు సున్నా.

దళిత బాధితుడు కావాలంటే కూపర్‌కి ఏ జిల్లాలోనైనా ఒక్క రోజులో దొరికేవాడు. ఆయన వెతికింది "ఎందుకు?" అని అడిగితే జవాబు చెప్పే స్థానంలో ఉన్న దళితుడి కోసం. 2016లో రోహిత్ వేముల చనిపోయాక ఆయన తల్లి రాధికని నెలల తరబడి వెంటాడిన ప్రశ్న ఏమిటో గుర్తుందా? "మీ కులమేంటి?" కొడుకు ఎందుకు చనిపోయాడన్న దాని మీద ఆమెకున్న అభిప్రాయం ఆ ప్రశ్న వెనక ఎక్కడో ఉండిపోయింది.

తర్వాత ఎప్పుడైనా రాత్రి తొమ్మిదింటి డిబేట్ పెట్టుకుంటే, చిన్న చిన్న కిటికీల్లో కనిపించే మొహాల్ని లెక్కపెట్టండి. అది అయ్యాక, యాంకర్ ఎవర్ని ఏ ప్రశ్న అడిగాడో కాగితం మీద రాసుకోండి. రెండో లెక్కే ఎక్కువ చెబుతుంది.