గూడెం ఊడిపోయిన తాడేపల్లిగూడెం

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా స్టేషన్ల పేర్లు సి ప్రోగ్రాములో పెట్టమంటే, మన కుర్రాళ్లు ఒక్కో పేరుకి 20 బైట్ల చొప్పున గడులు కట్టేస్తారు. ఇంగ్లిషు అక్షరాల్లో తాడేపల్లిగూడేనికి 14 బైట్లు, పేరు ముగిసిందని చెప్పే చివరి సున్నాతో 15. హాయిగా పడుతుంది. అదే తెలుగులో రాయండి. యూటీఎఫ్-8లో అక్షరానికీ, గుణింతం గుర్తుకీ, పొల్లుకీ తలా 3 బైట్లు. మొత్తం 42. కంపైలర్ ఓ హెచ్చరిక గొణిగి 20 దగ్గర కోసేస్తుంది. మిగిలేది ‘తాడేపల’, దాని పక్కన తెగిన పొల్లు. జనం నోట నానే గూడెమే గల్లంతు! పైగా చివరి సున్నాకి చోటు లేదు కాబట్టి, ప్రింట్ చేస్తే పక్క గడిలోని ఊరూ వచ్చి అంటుకుంటుంది. భీమడోలు మరీ పాపం. దానికి 21 బైట్లు కావాలి, ఒక్కటి తక్కువై చివరి కొమ్ము విరుగుతుంది.

అందుకే నాది పాయింటర్ల అర్రే. కెర్నిహన్, రిచీల సి పుస్తకంలో ఈ పద్ధతికి నెలల పేర్లు ఉదాహరణ, మనకి స్టేషన్లు. ‘కాన్‌స్ట్ చార్ స్టార్ కాన్‌స్ట్’ అని మొదలుపెట్టి, ఎన్ని పేర్లో చెప్పకుండా బ్రాకెట్లు ఖాళీగా వదిలేస్తాను. పేరెంత పొడవైనా అర్రేలో ఉండేది దాని చిరునామాయే, 64 బిట్ల మెషీన్లో 8 బైట్లు.

కాన్‌స్ట్ రెండుసార్లు దేనికంటారా? కొల్లేటికోటకి దారి చూపే బాణం బోర్డు అనుకోండి. మొదటిది ఊరి జోలికి పోవద్దంటుంది, రెండోది బోర్డు తిప్పొద్దంటుంది. చాలామంది మొదటిదానితో సరిపెడతారు. అప్పుడు ఏలూరు గడిని ఎవరైనా పూళ్ల వైపు తిప్పేసినా కంపైలర్ నోరెత్తదు.

అసలు ఒక్క కాన్‌స్టూ లేకపోయినా సి ఒప్పేసుకుంటుంది, నా చిరాకంతా అక్కడే. 1989 ప్రమాణంలోకి కాన్‌స్ట్ వచ్చేనాటికే బోలెడు పాత కోడ్ ఉంది. అది చెడకూడదని కోట్స్‌లోని అక్షరాలకి కాన్‌స్ట్ తగిలించలేదు. వాటిని మార్చబోతే లినక్స్‌లో మామూలుగా దక్కేది సెగ్మెంటేషన్ ఫాల్ట్, అదీ ప్రోగ్రాము నడిచేటప్పుడు.

ఇక కామా. పూళ్ల తర్వాత కామా పడకపోతే ‘పూళ్లకైకరం’ అని మ్యాపులో లేని స్టేషను పుడుతుంది. పక్కపక్క కోట్స్‌ని కలిపేయడం సి నియమమే కనక తప్పు చూపించదు, వాటి తర్వాతి చేబ్రోలు మాత్రం ఒక గడి ముందుకి జరుగుతుంది. నేను వరసకో పేరు రాసి, ఆఖరి పేరు తర్వాత కూడా కామా పెడతాను. ప్రమాణం ఒప్పుకుంటుంది. రేపెవరైనా నిడదవోలు చేర్చాలంటే గూడెం వరసని ముట్టుకోనక్కర్లేదు.