చందుర్తి యుద్ధం, ఆరడుగుల బల్ల

పిఠాపురానికి దగ్గర్లో, గొల్లప్రోలు మండలంలో చందుర్తి అనే ఊరుంది. 1758 డిసెంబరులో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ అక్కడ తలపడ్డారు. ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పట్టు సడలిపోయింది ఆ రోజునే. ఇంగ్లీషు చరిత్రల్లో దాన్ని కాండోర్ యుద్ధం అంటారు. చేతివేలంత బొమ్మలకు రంగులద్ది, పాచికలు వేస్తూ, టేపుతో కొలుస్తూ పాత యుద్ధాలను బల్లమీద మళ్లీ ఆడేవాళ్లున్నారు. ఆ ఆటకు సినారియో రాయడం నేర్చుకోవాలనుకునేవారికి చందుర్తి కన్నా మంచి బడి దొరకదు.

ఆట పాతదే. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ తోటి అధికారుల శిక్షణ కోసం పటం మీద ఆడే యుద్ధక్రీడకు నియమాలు ప్రచురించాడు. 1913లో హెచ్.జి.వెల్స్ ‘లిటిల్ వార్స్’ రాసి బొమ్మ సైనికుల ఆటను ఇళ్లలోకి తెచ్చాడు. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ పుస్తకం వచ్చాక బ్రిటన్‌లో అది పెద్దవాళ్ల వ్యాపకంగా స్థిరపడింది. అప్పటినుంచి నియమాల పుస్తకాలకు కొదవ లేదు. తుపాకీ ఎంత దూరం పేలుతుందో, గుర్రం ఎంత దూరం ఉరుకుతుందో అవి చెబుతాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరికి ఏం తెలుసు, ఏం కావాలి అన్నవి చెప్పాల్సింది సినారియో. కొత్తవాళ్లు ఇక్కడే రెండు పక్షాలనూ సమానం చేసేసి, ఇద్దరికీ న్యాయం చేశామనుకుంటారు. చదరంగానికి సరిపోయే ఆ న్యాయం చరిత్రను మింగేస్తుంది.

చందుర్తిలో లెక్కలు సమానంగా లేవు. బెంగాలు నుంచి క్లైవ్ పంపిన కర్నల్ ఫోర్డ్ దగ్గర 470 మంది ఐరోపా సైనికులు, దాదాపు 1,900 మంది సిపాయిలు ఉన్నారు. ఎదురుగా ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది ఐరోపా సైనికులు, సుమారు 6,000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, 30 దాకా ఫిరంగులు. ఒక బొమ్మను 50 మందికి లెక్కవేస్తే ఫోర్డ్ ఐరోపా దళం మొత్తం తొమ్మిది బొమ్మలు. ఫ్రెంచి సిపాయిలు నూట ఇరవై. తుపాకీ గట్టిగా పనిచేసే వంద గజాల దూరాన్ని బల్లమీద ఆరంగుళాలు అనుకుంటే, ఆరడుగుల బల్ల 1,200 గజాల నేల అవుతుంది. ఆ నేలమీద ఆ తొమ్మిది బొమ్మలను చూస్తే ఫోర్డ్ ఎంత సాహసం చేశాడో కంటికి కనిపిస్తుంది.

అసలు సంగతి రంగులో ఉంది. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాలు సిపాయిలు తెల్లవాళ్లలాగే ఎర్రకోట్లు తొడిగారు. ఇంగ్లీషు సిపాయిలను ఆ దుస్తుల్లో చూసే అలవాటు ఫ్రెంచివాళ్లకు లేదు. ఫోర్డ్ ఐరోపా దళం ముందేమో నిలువెత్తు కంకి పైరు. ఫ్రెంచి దళం పక్కకు వాలి, ఎడమవైపు ఎర్రకోట్లే ఇంగ్లీషువాళ్లనుకుని వాళ్లమీద పడింది. తమలాంటి సిపాయిలు వస్తారనుకున్న చోట తెల్లదళం రావడంతో ఆ సిపాయిలు నిలవలేకపోయారు. గెలిచామన్న ఊపులో ఫ్రెంచివాళ్లు వరస చెదిరి తరుముతూ ముందుకొచ్చారు. అప్పుడు పైరు చాటునుంచి అసలు దళం బయటపడి పక్కనుంచి తుపాకులు పేల్చింది. ఫ్రెంచి దళం విరిగి ఫిరంగుల వైపు పరుగెత్తింది, కాసేపటికి ఆ ఫిరంగులూ పోయాయి.

దీన్ని బల్లమీద పెట్టడం ఎలా? ఫ్రెంచి పక్షం ఆడేవాడు ఈ కథ చదివే వచ్చి ఉంటాడు. పైరు వైపు చూసి నవ్వుతాడు. కాన్‌ఫ్లాన్స్ చేసిన పొరపాటే చేయమని అతన్ని నిర్బంధిస్తే అది ఆట కాదు, నాటకం. వదిలేస్తే చందుర్తి కాదు. ఈ కాలమ్ రచయితకు నచ్చిన ఉపాయం ఒకటే: తెలియనితనాన్ని మళ్లీ పుట్టించడం. ఇంగ్లీషు ఆటగాడు మొదట మూడు ఎర్రకోటు దళాల స్థానంలో మూడు చీట్లు బోర్లిస్తాడు. వాటిలో తెల్లదళం ఏదో అతనికే తెలుసు. పైరు వెనకే పెట్టాలన్న నిబంధన లేదు. ఫ్రెంచి ఆటగాడు మొదటి మూడు టర్నుల ఆజ్ఞలు ముందుగానే కాగితం మీద రాసివ్వాలి. ఆరంగుళాల దూరానికి వచ్చాకే చీటీ తిరగబడుతుంది. చరిత్ర కంఠస్థం అయినవాడికీ ఇక్కడ లాభం లేదు. కాన్‌ఫ్లాన్స్ పడిన సందేహంలోనే అతనూ పడతాడు.

విజయనగరం ఆనందగజపతి సంగతి ఇంకా చిక్కు. ఇంగ్లీషువాళ్లను పిలిపించింది ఆయనే. వెంట 500 గుర్రాలు, 5,000 మంది కాల్బలం, చాలామంది చేతుల్లో బల్లేలు, విల్లంబులు. అయినా అసలు పోరులో ఆయన సేన పాలుపంచుకోలేదని ఇంగ్లీషు రాతలు ఎత్తిపొడుస్తాయి. చాలా సినారియోల్లో ఆ దళాన్ని పాచిక మీద వదిలేస్తారు: ఆరు పడితే కదులుతుంది, లేకపోతే లేదు. అది అన్యాయం. కదలకపోవడానికి రాజుకు కారణాలుండవా? అంతకుముందు ఏడాదే బొబ్బిలి యుద్ధం తర్వాత ఆయన వంశంలో పెద్దను తాండ్ర పాపారాయుడు చంపాడు. పరాయివాళ్ల కోసం సొంత బలగాన్ని నష్టపోతే రేపు రాజ్యానికి దిక్కెవరు? అందుకే రాజును మూడో ఆటగాడి చేతిలో పెట్టాలి. అతని గెలుపు షరతులు వేరు: ఫ్రెంచివాళ్లు ఓడాలి, తన సేనలో మూడొంతులు మిగలాలి. అప్పుడు ఫోర్డ్ ఆడేవాడు బతిమాలాలి, బేరమాడాలి. యుద్ధం తర్వాత నిజంగానే ఖర్చుల విషయంలో ఆ ఇద్దరికీ పేచీ వచ్చింది, సైన్యం ముందుకు కదలడం ఆలస్యమైంది.

కాన్‌ఫ్లాన్స్ కూడా గెలవగలగాలి. అతని గెలుపును చరిత్రతో పోల్చి తూచాలి. ఆ రోజు శిబిరం పోయింది, ఫిరంగులు పోయాయి, ఆయన రాజమండ్రికి గుర్రమెక్కి పారిపోయాడు. బల్లమీద సగం ఫిరంగులు దక్కించుకుని క్రమంగా వెనక్కి తగ్గినవాడు ఆయనకన్నా మెరుగ్గా చేసినట్టే. పొలం వదులుకున్నా అతనికి గెలుపు రాయాలి.

ఇదే కొలమానం బొబ్బిలికీ పనికొస్తుందని కొందరంటారు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు ఎదురొడ్డిన కోటను ఎన్ని టర్నులు నిలబెడితే అంత గెలుపు అని రాయవచ్చు, నిజమే. కానీ ఆ కోట లోపల ఆడవాళ్లూ పిల్లలూ సొంతవాళ్ల కత్తులకే బలయ్యారు. దానికి పాయింట్లు వేయలేం. దాన్ని వదిలేసి గోడల మీద పోరును మాత్రం ఆడితే బొబ్బిలిని ఆడినట్టూ కాదు. ఈ రచయిత దృష్టిలో అది బల్ల ఎక్కకూడని యుద్ధం.

మచిలీపట్నం ఎక్కవచ్చు, ఎక్కాలి కూడా. 1759 ఏప్రిల్ 7 అర్ధరాత్రి ఫోర్డ్ అక్కడి ఫ్రెంచివాళ్ల కోటమీద ఒక్కసారే పలువైపుల నుంచి పడ్డాడు. అసలు దెబ్బ ఈశాన్యం బురుజు మీద, మిగతావి దృష్టి మళ్లించడానికి. మందుగుండు అడుగంటుతోంది, నిజాం సలాబత్ జంగ్ సేన దగ్గరికొస్తోంది, కోట చుట్టూ బురద. ఈసారి ఆజ్ఞల కాగితం కోటలోపలివాడికి ఇవ్వాలి. ఏ దాడి నిజమో తెలియకుండానే ప్రతి టర్నులోనూ అతను తన దళాలను ఏ గోడకు పంపాలో రాయాలి. బురదలో ఎంత దూరం నడవగలరో మాత్రం పాచికకే వదిలేయవచ్చు.