పక్కవాద్యం పెద్దరికం

పక్కన కూర్చుని వాయించేవాడు ఎప్పటికైనా ముందుకు రావాలనీ, వస్తేనే పైకొచ్చినట్టనీ మనం అనుకుంటాం. అమెరికా బ్లూస్ గిటారిస్టు హ్యూబర్ట్ సమ్లిన్ రికార్డులు వరసగా విన్నాక ఆ కొలత మీద నాకు గురి తప్పింది.

సమ్లిన్ 1931లో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్‌లో పుట్టాడు. హౌలిన్ వుల్ఫ్ అనే గాయకుడు 1954లో అతన్ని షికాగో పిలిపించుకుని తన మేళంలో చేర్చుకున్నాడు. నడుమ కొంతకాలం మడ్డీ వాటర్స్ దగ్గర వాయించాడు. అది తప్పిస్తే 1976 జనవరిలో వుల్ఫ్ పోయేదాకా ఆయన పక్కనే ఉన్నాడు.

వుల్ఫ్‌ది ఆరడుగులు దాటిన విగ్రహం, గరగరలాడే గొంతు. మొదట్లో సమ్లిన్ ఆ గొంతు మీద పడి వాయించేవాడట. విసిగిన వుల్ఫ్ ఇంటికి పొమ్మన్నాడు, మీటే బిళ్ల వదిలేసి వేళ్లతో వాయించమన్నాడు. అతని బాణీ అక్కడే పుట్టింది. బిళ్లకున్న ఒకే గట్టిదనం పోయి, ఒక స్వరం గిల్లినట్టు, ఇంకొకటి జారినట్టు పలకసాగాయి. 1964 నాటి 'కిల్లింగ్ ఫ్లోర్' వినండి. తిరిగి తిరిగి వచ్చే గిటారు పలుకు ఒకటుంది; పాట నిలబడ్డది దాని మీదే. 1963లో చేసిన 'హిడెన్ చార్మ్స్'లో అతనికి కాస్త చోటు దొరికింది. మెట్ల మీంచి దొర్లిపడుతూనే ఆఖరి మెట్టు మీద నిటారుగా నిలబడే పిల్లాడిలా ఉంటుంది ఆ వాయింపు. అంత సాహసం అతని సొంత రికార్డుల్లో నాకు కనిపించలేదు.

జమాఖర్చుల మనిషిని కనుక ఇంకో సంగతి కూడా చెప్పాలి. వుల్ఫ్ తన మేళంవారికి నిరుద్యోగ బీమా, సామాజిక భద్రత చందాలు కట్టేవాడు. ఆ రోజుల్లో క్లబ్బుల్లో వాయించేవాళ్లకు ఇది అరుదు. సమ్లిన్ అంతకాలం కదలకపోవడానికి భక్తి ఒక్కటే కారణమనుకోవడం అమాయకత్వం.

వుల్ఫ్ పోయేనాటికి అతనికి నలభై నాలుగేళ్లు. తరవాత తన పేరు మీద రికార్డులు చేశాడు. గిటారు బాగానే ఉంటుంది, పాడేటప్పుడే గొంతు బెరుకుగా వెనక్కి జరుగుతుంది. 2004లో వచ్చిన 'అబౌట్ దెమ్ షూస్' మీద అట్టపేరు అతనిదే. లోపల మాత్రం ఎక్కువగా మడ్డీ వాటర్స్ పాటలు, కీత్ రిచర్డ్స్, ఎరిక్ క్లాప్టన్ వంటి అతిథులు. అతను స్వయంగా పాడింది చివరి పాట ఒక్కటే. తన కచేరీలో తానే పక్కవాద్యం! ఇది ఓటమి అనేవాళ్లున్నారు. నేనలా అనను. ఇంకొకరు పాడుతుంటే, వాళ్ల మాటకీ మాటకీ నడుమ ఆ వేళ్లు మళ్లీ లేచి కూర్చున్నాయి. అతనికి కావలసింది ఒక గొంతు.

నా బాధ వేరు. పాట హక్కు రాసినవాడిది, వాయించినవాడికి ఆ పూట కూలి. లెడ్ జెప్లిన్ 1969లో 'కిల్లింగ్ ఫ్లోర్'ను తమ 'లెమన్ సాంగ్'లో కలిపేసుకుంటే, వివాదం తేలాక రచయితగా వుల్ఫ్ పేరు ఎక్కింది. న్యాయమే. ఆ గిటారు పలుకు కట్టినవాడి పేరుకు అక్కడ చోటు లేదు.

సమ్లిన్ 2011 డిసెంబరులో కన్నుమూశాడు. అంత్యక్రియల ఖర్చు రోలింగ్ స్టోన్స్ మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ భరించారు. కుర్రతనంలో వుల్ఫ్ రికార్డులు పెట్టుకుని పాఠం నేర్చినవాళ్లు వాళ్లు.