పదునెక్కిన మొరం

కార్తీకమాసం, ఆదివారం, తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళకు అబిడ్స్‌ను చూశారా మీరు? పగలంతా హారన్ల హోరులో మునిగే జీపీవో చౌరస్తాలో అప్పుడు నా సైకిల్ చైను చప్పుడు నాకే వినిపిస్తుంది. ఇంకాసేపట్లో పాత పుస్తకాలు పరుచుకోబోయే ఫుట్‌పాత్‌లు ఖాళీగా, మంచు చెమ్మకు నల్లగా నిగనిగలాడుతుంటాయి. 1907 నాటి నాంపల్లి స్టేషను ముందు మొదటి చాయ్ మరుగుతుంటుంది. ఆ చాయ్ ఒకటి తాగి, చేతులు వెచ్చబడగానే పడమటికి తిరగాలి. రండి, నా వెనకే రండి!

మాసబ్‌ట్యాంక్, మెహదీపట్నం, లంగర్‌హౌజ్ వీధిదీపాల కిందే గడిచిపోతాయి. తారు రోడ్డు మీద చక్రం జారుతుందే తప్ప మాట్లాడదు. బాపూఘాట్ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగుతాను. ఈసా, మూసీ కలిసే చోటు అది. 1948లో గాంధీజీ అస్థికలు అందుకున్న చోటు. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి ఇటు దిగివస్తుంది, మనం దానికి ఎదురెక్కుతాం. నది పుట్టింటి దిక్కుగా సైకిల్ తొక్కడంలో ఒక చిన్న గర్వం ఉంటుంది, అది తొక్కినవాళ్లకే తెలుస్తుంది.

అప్పా జంక్షన్ దాటితే మర్రులు మొదలు. అక్కడి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల పొడవునా నిజాం కాలం నాటి మర్రిచెట్లు సుమారు 900 నిలబడ్డ బాట ఇది. రోడ్డు వెడల్పు కోసం వీటిని కొట్టేస్తారన్న భయంతో ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాళ్లకు నా రెండు చేతుల నమస్కారం! చీకటి ఇంకా విడవని వేళ ఆ చెట్ల కింద దూరితే గాలి రుచే మారిపోతుంది. పండిన మర్రికాయల పులుపు, పక్షుల గూళ్ల వెచ్చదనం, తడిసిన బెరడు వాసన. ఒక చెట్టు చల్లదనం వీపు మీద ఆరకముందే ఇంకో చెట్టు చల్లదనం ముఖానికి తగులుతుంది. ఊడల మధ్య నుంచి తూర్పు తెల్లబడటం వెనక్కి తిరిగి చూడకుండానే తెలుస్తుంది. నా ముందు రోడ్డు మీద నా నీడ మెల్లగా మొలుస్తుంది మరి!

కానీ నేను ఇంత దూరం వచ్చింది మర్రుల కోసం కూడా కాదు. చేవెళ్లకు కాస్త ఇవతల తారు వదిలి పక్కకు దిగే ఒక మొరం బాట కోసం.

మొరం! పట్నంలో ఆ మాటకు గుంతలు పూడ్చే సరుకనే అర్థం. ఒక్కసారి వంగి పిడికెడు తీసుకుని చూడండి. సెనగగింజంత గుండ్లు, పెసరగింజంత నలుసులు. కాల్చిన ఇటుక ఎరుపు కొన్నిటికి, కుంకుమపువ్వు రంగు కొన్నిటికి, పగిలిన చోట పసుపు. ఈ పీఠభూమి నెత్తి మీద లక్షల ఏళ్ల వానకు, ఎండకు రాయి కుళ్లి, ఇనుము మిగిలి, తుప్పుపట్టి ముద్దకట్టిన నేల ఇది. వేసవిలో దాని మీద సైకిలెక్కితే పిండిలా లేచి కళ్లలో పడుతుంది. ముసురులో ఎక్కితే చక్రం కింద కుంగుతుంది. వానలు వెనకబట్టి, మంచు మొదలైన ఈ కార్తీకంలో మాత్రం, పొద్దు పొడిచిన మొదటి రెండు గంటలు, మొరానికి పదును వస్తుంది. విత్తేందుకు రైతు ఎదురుచూసే పదునే అది. వేలితో నొక్కితే అణగాలి, అంటకూడదు. ఆ పదును మీద టైరులో గాలి కాస్త తగ్గించి దిగితే చూడండి, నేల నోరు విప్పుతుంది! ముందు గరగరమని, వేగం అందుకోగానే ఎవరో దూరాన బియ్యం చెరుగుతున్నట్టు సన్నగా, ఎడతెగకుండా. వాలు వస్తే ఆ సవ్వడి చిక్కబడుతుంది, ఎత్తు వస్తే గింజ గింజగా విడిపోతుంది. అది చెవికే కాదు, హ్యాండిల్ పట్టిన అరచేతులకూ వినిపిస్తుంది, మోచేతుల దాకా, దంతాల దాకా వినిపిస్తుంది. ఆహా, ఒళ్లంతా చెవి కావడమంటే ఇదే కదా!

మెల్లగా పొద్దెక్కుతుంది.

బాటకు ఇటూ అటూ చెలకలు. పత్తి పగిలి తెల్లగా వేలాడుతోంది. కంది పూతకొచ్చింది. దూరం నుంచి పసుపుగా కనిపించే ఆ పూవును దగ్గరికి పోయి చూస్తే రేకు వెనక ఎర్రటి గీతలు. గునుగు ఎండి వెండిరంగు తేలింది. చామంతి మడి పక్కన పోతుంటే ఆ చేదు కలిసిన పరిమళం ముక్కుకు కాదు, గొంతుకు తగులుతుంది. తీగ మీద మసకగా, ఏ విశేషమూ లేనట్టు కూర్చున్న పాలపిట్ట, నేను దగ్గరపడగానే రెక్క విప్పింది. ఎంత నీలం! కూర్చున్నప్పుడు ఆ నీలాన్ని ఎక్కడ దాచుకుందో ఆ పిట్ట!

పట్నానికి ఇంత దగ్గర్లో ఇంత ఖాళీ ఆకాశం ఊరకే మిగల్లేదు. 1908 వరద మూసీ ఒడ్డున ఊరిని ఊడ్చేశాక, ఆ నదిని నిలవేసేందుకు కట్టిన గండిపేట జలాశయం 1920లో, ఈసా మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ నీళ్లకు కాపుగా 1996లో వచ్చిన 111 జీవో 84 ఊళ్లలో పెద్ద కట్టడాలకు అడ్డుపడింది. దాని ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో ఇంకో జీవో వచ్చింది. పట్నం దాహం తీర్చే నీటికి పెట్టిన కాపలా పక్కనున్న చెలకలనూ ఇన్నాళ్లు కాచింది. ఆ సంగతి తెలిశాక ఈ బాట మీద ప్రతి మలుపూ నాకు ఎవరో కొంగున కట్టి దాచి ఇచ్చినట్టు అనిపిస్తుంది.

స్పెయిన్‌లో ఇలాంటి బాటలకు ప్రపంచం నలుమూలల నుంచి సైకిళ్లు వస్తాయి. జిరోనా చుట్టూ ‘ట్రాకా’ పందెంలో ఒక్క దౌడులో 360 కిలోమీటర్లు తొక్కేవాళ్లున్నారు. నన్ను లాగేది మాత్రం లోపలి కాస్టిల్. అదీ మన దక్కన్ లాంటి పీఠభూమే, అక్కడా గోధుమ కోతలయ్యాక చూపుకు అడ్డం లేని నేలే. ఆ దేశంలో ‘కన్యాదా’లని గొర్రెల బాటలున్నాయి. 1273లో పదో అల్ఫోన్సో రాజు కాపరుల సంఘానికి హక్కులు రాసిచ్చాడు. పెద్దబాటల వెడల్పు 75 మీటర్ల దాకా ఉండేది. 1995లో చేసిన చట్టం వాటిని ఇప్పటికీ అందరి సొత్తుగా కాపాడుతోంది. ఆ బాటల మీద ఇవాళ సైకిళ్లూ తిరుగుతున్నాయి. మన మొరం బాటకు రాజపత్రం లేదు. ఎడ్లబండి గీసిన రెండు గాడులు, నడుమ గరిక, అంతే. ఎదురుగా గొర్రెల మంద వస్తే నేను కంది చేను ఒడ్డుకు ఒదిగి నిలబడ్డాను. వందల గిట్టలు మొరాన్ని తొక్కుతూ పోయే ఆ చప్పుడు! నా చక్రం పాడిన పాటే, వంద గొంతుకల్లో!

మంద పోయాక పత్తి చేలోంచి ఒక ముసలమ్మ పిలిచింది. నడుముకు కట్టిన ఒడిలో సగం నిండిన పత్తి.

“ఏం బిడ్డా, గింత పొద్దుగాల్నే ఏడికి?”

“ఊకెనే పెద్దమ్మా. బాట చూద్దామని.”

“బాటల ఏమున్నది చూడనీకి?” అని తనూ బాట వంక చూసింది. కాసేపు చూసింది. తర్వాత కాలి బొటనవేలితో మొరాన్ని ఒత్తి, “మంచిగ పదునున్నది” అంది. నేను ఇంతసేపూ మీకు చెప్పడానికి తంటాలు పడుతున్నదాన్ని ఆమె బొటనవేలు ఒక్క ఒత్తుతో చెప్పేసింది! చేతిలో నాలుగు పచ్చి కందికాయలు పెట్టింది. వలిచి నములుతుంటే పాలు కారే ఆ లేత గింజల పచ్చి తీపి, వెనకే సన్నటి వగరు.

తొమ్మిదయ్యేసరికి పదును పోయింది. చక్రం గొంతు మారి, పొడి దుమ్ము లేవడం మొదలైంది. ఆ తర్వాత తొక్కలేమని కాదు, తొక్కవచ్చు. కానీ కచేరీ అయిపోయాక సభలో కూర్చోవడం నాకు నచ్చదు. మర్రుల కిందికి తిరిగొచ్చేశాను.

పన్నెండింటికి అబిడ్స్. ఫుట్‌పాత్‌ల నిండా పుస్తకాలు, పుస్తకాల చుట్టూ వంగిన వీపులు. స్తంభానికి సైకిల్ ఆనించి, ఒక పాత అట్లాసు పక్కన గొంతుక్కూర్చున్నాను. వెనక టైరు గళ్లలో ఇరుక్కున్న మొరం అప్పటికి ఎండి, ఒక్కో గుండూ తారు మీద రాలుతోంది. పుస్తకాలాయన చీపురు అందుకోబోతే, “ఒక్క నిమిషం, భాయ్” అని అడ్డుపడి, సెనగగింజంత గుండు ఒకటి ఏరి జేబులో వేసుకున్నాను. ఇంకా చల్లగానే ఉంది.